ఒక్క ఇల్లు, ఏడాది పొడవునా: పిల్లలతో కలిసి సేవ చేయాలనుకునే క్రైస్తవ కుటుంబాలకు మార్గదర్శి

డిసెంబరు వచ్చిందంటే కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ సంఘాల్లో హడావిడి మొదలవుతుంది. సెమీ క్రిస్మస్, క్యారల్స్, చీరల పంపిణీ, దుప్పట్ల పంపిణీ. స్టేజీ మీద ఒక పిల్లాడి చేతికి దుప్పటి ఇచ్చి, ఎదురుగా ఒక మామ్మ గారిని నిలబెట్టి, ఫొటో తీసి, వాడిని కిందకి పంపేస్తారు. ఆ మామ్మ గారి పేరేంటో వాడికి తెలియదు. ఆవిడ ఏ వీధిలో ఉంటారో, రాత్రి ఏం తిన్నారో అసలే తెలియదు. వాడికి గుర్తుండేది మైకు, చప్పట్లు.

దుప్పటి ఇవ్వడం తప్పని అనను. చలికాలంలో దుప్పటి దుప్పటే. కానీ పిల్లలు సేవ నేర్చుకోవాలంటే ఆ పద్ధతి సరిపోదు. ఈ వ్యాసంలో చెప్పేది వేరే పద్ధతి: కుటుంబమంతా కలిసి ఒక్క ఇంటిని ఎంచుకోవడం, ఆ ఇంటికి ఏడాది పొడవునా వెళ్ళడం, వెళ్ళిన ప్రతిసారీ పిల్లలకి నిజమైన పని అప్పగించడం.

మన గోదావరి డెల్టాకి ఇది కొత్త కూడా కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడిన బౌడెన్, బీర్ మిషనరీలు భార్యలతో కలిసే వచ్చారు. వాళ్ళ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక ఇక్కడే అదే పని కొనసాగించారు. ఆ పిల్లలకి సేవ అంటే పండగ రోజు కార్యక్రమం కాదు, ఇంట్లో రోజూ చూసిన పని.

మొదటి అడుగు: ముందు భార్యాభర్తలు ఒక మాట మీదకి రండి

పిల్లలకి చెప్పే ముందు పెద్దవాళ్ళు రోజు, డబ్బు, హద్దు తేల్చుకోవాలి.

రోజు సంగతి. చాలామంది ఆదివారం అంటారు. నా ఉద్దేశంలో ఆదివారం వద్దు. సండే స్కూలు, ఆరాధన, ప్రభువు బల్ల అన్నీ అయ్యి ఇంటికి చేరేసరికి ఒంటి గంట దాటుతుంది. ఆ తర్వాత కోడికూర తిన్న పిల్లల్ని లేపి ఎక్కడికైనా తీసుకెళ్ళండి చూద్దాం! శనివారం సాయంత్రం మేలు. రెండో శనివారం సెలవు ఉంటే పొద్దున్నే వెళ్ళొచ్చు. నెలకి రెండుసార్లు, ఒక్కోసారి గంట చాలు. వారం వారం అని మొదలుపెట్టి మూడో నెలకి మానేసేకన్నా ఇది నయం.

డబ్బు విషయంలో ఎంత ఖర్చు పెట్టగలరో నెలకి ఒక అంకె అనుకోండి. అది రెండొందలైనా పర్వాలేదు, కానీ దశమభాగంలోంచి తీయకండి. సంఘానికి ఇచ్చేది తగ్గించి ఇక్కడ పెడితే పిల్లలు లెక్క సర్దడం నేర్చుకుంటారు తప్ప ఇవ్వడం నేర్చుకోరు. హద్దు అంటే ఏం చేయలేరో ముందే అనుకోవడం. అప్పు ఇవ్వం, ఆస్తి తగాదాల్లో తలదూర్చం, ఏటీఎం పిన్ను మన దగ్గర పెట్టుకోం. ఈ మూడూ ముందే అనుకుంటే తర్వాత మొహమాటపడే అవసరం రాదు.

అమ్మో నాన్నో కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉన్న ఇళ్ళు మనకి బోలెడు. ఆ ఒక్కరూ లేరని ఆగిపోనక్కర్లేదు. మీరు వెళ్ళే ఇంటి మామ్మ గారికి నెలకోసారి గల్ఫ్ నుంచి వీడియో కాల్ చేసి పలకరించడం ఆ దూరాన ఉన్నవాళ్ళ వంతు. ఇక్కడ పిల్లలు ఫోను పట్టుకుని కూర్చుంటారు.

రెండో అడుగు: మీ వీధిని పిల్లల చేత చూపించండి

ఇంటిని మీరే ఎంచి పిల్లలకి ప్రకటించకండి. ఒక సాయంత్రం కాలువగట్టు వెంట నడవండి. పిల్లలకి చెప్పాల్సిన మాట ఇంతే: "ఎవరి ఇంట్లో పని మిగిలిపోయి ఉందో చూడండి." పేదవాళ్ళు ఎవరని అడిగితే పిల్లలు పూరిళ్ళ వైపు వేలు పెడతారు. పని మిగిలిపోయిందెక్కడ అని అడిగితే వాళ్ళ కళ్ళు వేరే సంగతులు పట్టుకుంటాయి. వాకిట్లో ఊడ్చని ఆకులు, తెగిపోయిన దండెం, వెలగని లైటు, పగలంతా తలుపు వేసే ఉన్న ఇల్లు.

డెల్టాలో వెతికితే కనబడే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. కూతురు గల్ఫ్ వెళ్తే మనవల్ని పెంచుతున్న అమ్మమ్మ. డబ్బు వస్తుంది కాబట్టి ఆవిడకి ఏ లోటూ లేదని ఊరంతా అనుకుంటుంది. కానీ పిల్లాడికి జ్వరమొస్తే రాత్రిపూట ఆసుపత్రికి తోడు వచ్చేవాళ్ళు ఉండరు. కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడి మంచానికే పరిమితమైన మనిషి. ఆయనకి కూడూ గుడ్డా కన్నా కబుర్లు చెప్పే మనిషి కావాలి. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో ఉంటూ కాపలా కాసే, వేరే జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ పిల్లలకి ఊళ్ళో ఒక్క స్నేహితుడూ ఉండడు. ఏటిగట్టు అవతల, గోదావరి పాయల మధ్య లంకలో ఒంటరిగా ఉండే తాత గారు.

ఒక్క షరతు పెడతాను: మొదటి ఇల్లు మీ సంఘంలోది కాకపోతే మంచిది. మన ఊళ్ళలో సంఘానికో పేట, పేటకో సంఘం. మనవాళ్ళకి మనం చేసుకోవడం ఎలాగూ జరుగుతుంది. మంచి సమరయుడి కథని సండే స్కూల్లో ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలతో విన్న పిల్లలు, నాన్న తమని పక్క పేటకి నడిపించుకుని వెళ్ళడం చూస్తే దాని అర్థం వేరేగా తెలుస్తుంది. వాళ్ళు హిందువులైనా, ముస్లింలైనా తేడా లేదు.

సాయానికి ప్రార్థన కూడికని ముడిపెట్టకండి. సంచీలో బియ్యంతో పాటు కరపత్రం పెట్టడం నాకు నచ్చదు. తీసుకునే మనిషి కాదనలేని స్థితిలో ఉన్నప్పుడు అది మర్యాద కాదు. మీరెందుకు వస్తున్నారని వాళ్ళే అడిగితే అప్పుడు చెప్పండి, పిల్లల్ని కూడా చెప్పనివ్వండి. "యేసయ్య చెప్పాడని వచ్చాం" అని ఆరేళ్ళ పాప చెప్పే మాట చాలు.

మూడో అడుగు: మొదటిసారి వెళ్ళడం

వట్టి చేతులతో వెళ్ళొద్దు, మోపు ఎత్తుకుని వెళ్ళొద్దు. మన పెరట్లో కాసిన నాలుగు అరటికాయలో, ఒక కొబ్బరికాయో తీసుకెళ్తే పొరుగువాళ్ళలాగే వెళ్ళినట్టు ఉంటుంది. అయిదు కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని గుమ్మంలోకి దిగితే ఆ క్షణం నుంచి వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు, మీరు ఇచ్చేవాళ్ళు అయిపోతారు. ఆ తర్వాత దాన్ని మార్చడం కష్టం.

పిల్లలకి ముందే మూడు మాటలు నేర్పండి. లోపలికి వెళ్ళగానే "నమస్కారం మామ్మ గారూ" అని పలకరించాలి, పేరు పెట్టి పిలవకూడదు. ఇంట్లో వాసన వచ్చినా, ఈగలు ఉన్నా మొహం చిట్లించకూడదు. టీ ఇస్తే తాగాలి. ఈ చివరిది చాలా ముఖ్యం. గోదావరి వాళ్ళింటికి వెళ్ళి ఏమీ పుచ్చుకోకుండా వచ్చేస్తే ఆ ఇంటిని చిన్నబుచ్చినట్టే. సంక్రాంతికి అరిసెలు పెడతారు, తీసుకోండి. ప్రసాదం విషయంలో మీ ఇంటి పద్ధతి ఏదైనా దాన్ని వినయంగా చెప్పడం ఎలాగో పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి. గుమ్మంలో నిలబడి వాదన పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

"మీకేం కావాలండీ?" అని అడిగితే నూటికి తొంభై మంది "ఏం వద్దమ్మా, ఆ దేవుడి దయ" అంటారు. "ఈ వారం చేసుకోలేక వదిలేసిన పని ఏదైనా ఉందా అండీ?" అని అడగండి. అప్పుడు ఒకటొకటిగా బయటకొస్తాయి. పైనున్న అటక సర్దలేదు, కరెంటు బిల్లు కట్టలేదు, పెన్షన్‌కి వేలిముద్ర పడటం లేదు, కళ్ళజోడు విరిగింది.

నాలుగో అడుగు: వయసుని బట్టి పని

యోహాను సువార్త ఆరో అధ్యాయంలో అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు ఇచ్చిన పిల్లాడున్నాడు. ఆ రొట్టెలు వాడివే, ఇంకెవరో వాడి చేతిలో పెట్టి ఇప్పించినవి కావు. పని పంచేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి: పిల్లలు ఆ పని చేయకపోతే నిజంగానే అది ఆగిపోవాలి. అలంకారానికి ఇచ్చిన పనిని పిల్లలు ఇట్టే పసిగడతారు.

అయిదేళ్ళ లోపు పిల్లలు పెద్ద పని చేయలేరు. వాళ్ళు వెళ్ళడమే పని. మంచం పట్టిన తాత గారి ముందు ఒక పాట పాడితే చాలు.

ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి సొంత బాధ్యత ఇవ్వొచ్చు. మొక్కలకి నీళ్ళు పోయడం, వాకిట్లో రాలిన కొబ్బరి ఈనెలు ఏరి కట్ట కట్టడం, బిందె నింపడం, సూదిలో దారం ఎక్కించడం. ఈ సూదీదారం పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ చూపు మందగించిన వాళ్ళకి ఇంతకన్నా పెద్ద సాయం లేదు. నాలుగైదు సూదుల్లో దారాలు ఎక్కించి దిండుకి గుచ్చి వస్తే మళ్ళీ మీరు వెళ్ళేదాకా సరిపోతాయి.

పది నుంచి పదమూడేళ్ళ వయసే అసలు చిక్కు. ఈ వయసులో పిల్లలు సిగ్గుపడతారు. స్కూల్ ఫ్రెండ్స్ చూస్తారేమోనని టెన్షన్ పడతారు, దారంతా మొహం మాడ్చుకుని నడుస్తారు. వీళ్ళకి ఉపన్యాసం ఇవ్వకండి, లెక్క అప్పగించండి. ఆ ఇంటి కోసం పెట్టే ఖర్చు నోటుపుస్తకం, మందుల చీటీ, ఏ మాత్ర ఎప్పుడు అయిపోతుందో రాసుకోవడం వీళ్ళ పని. మాత్రలు అయిపోయే రెండు రోజుల ముందు "నాన్నా, బీపీ బిళ్ళలు తేవాలి" అని వాడే చెప్పాలి. మీకు గుర్తొచ్చినా ముందే చెప్పేయకండి, ఒక రోజు ఆగండి. మందుల విషయం కాబట్టి అంతకు మించి ఆగకండి. బాధ్యత నిజమైనదని తెలిశాక ఈ వయసు పిల్లలు పెద్దవాళ్ళకన్నా కచ్చితంగా ఉంటారు.

పద్నాలుగు దాటినవాళ్ళు ఫోను, కాగితాల పనులు చేయగలరు. పెన్షన్ ఒకటో తారీఖున గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు గానీ, వేళ్ళు అరిగిపోయి వేలిముద్ర పడకపోతే ఆ వృద్ధులు బెంబేలెత్తిపోతారు. ఆ రోజు పక్కన ఉండి సిబ్బందితో మాట్లాడటం, అవసరమైతే సచివాలయానికి తోడు వెళ్ళడం మీ పెద్దమ్మాయో పెద్దబ్బాయో చేయగలరు. అయితే ఓటీపీలు, పిన్నులు, పాస్‌బుక్కులు వీళ్ళు చూడకూడదు, గుర్తు పెట్టుకోకూడదు. నమ్మకం లేక కాదు. రేపు ఏ తేడా వచ్చినా పిల్లల మీదకి మాట రాకూడదు.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగాలి. నరసాపురం, మొగల్తూరు వైపు లేసు అల్లికలు తెలిసిన మామ్మలు ఇంకా చాలామంది ఉన్నారు. మీరు వెళ్ళే ఇంట్లో అలాంటి వాళ్ళుంటే మీ అమ్మాయికి నేర్పమని అడగండి. వల అల్లే తాత గారైతే మీ అబ్బాయికి ముడి వేయడం చూపిస్తారు. నేర్పే మనిషిని పిల్లలు జాలిగా చూడరు.

అయిదో అడుగు: పిల్లల సొంత వంతు

ఖర్చంతా నాన్న జేబులోంచి వస్తే అది నాన్న సేవ. పిల్లలది కూడా కొంత ఉండాలి. కొన్ని సంఘాల్లో స్త్రీలు రోజూ ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పోస్తారు. ఆ డబ్బాని మీ వంటింట్లో పెట్టి గుప్పెడు తీసే పని చిన్నపిల్లలకి ఇవ్వండి. వాళ్ళ గుప్పెడు చిన్నది, అయినా పెద్దది చేయమనకండి.

క్రిస్మస్ బట్టల దగ్గర మాత్రం గొడవ తప్పదు. రెండు జతలు కొనే ఇంట్లో ఒక జతే కొని, రెండో జత చెరువుగట్టు షెడ్డులోని పిల్లాడికి అంటే మీవాడు అలుగుతాడు. అలగనివ్వండి. ఎవరికి ఇవ్వాలో, ఏ రంగు కొనాలో వాడినే ఎంచమనండి. కొన్నవి కొత్తవే అయి ఉండాలి. చిరిగినవి, పొట్టి అయిపోయినవి ఇవ్వడం సేవ కాదు, బీరువా ఖాళీ చేసుకోవడం.

రూతు బోయజు పొలంలో పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకున్న కథ మన పిల్లలకి సులువుగా అర్థం కావాలి, మనది వరి దేశం. కానీ కోత మిషన్లు వచ్చాక పరిగె ఏరడం చాలామంది పిల్లలు చూడనేలేదు. సొంత చేను ఉన్నవాళ్ళు దాళ్వా (రెండో పంట) నూర్పిడి రోజున రెండు బస్తాలు ముందే పక్కన పెట్టి, ఆ బస్తాలు ఎవరికి వెళ్ళాలో పిల్లల చేత చెప్పించండి. లేవీయకాండం 19వ అధ్యాయంలో పొలం అంచులు కోయకుండా వదిలేయమన్న ఆజ్ఞ ఆ రోజు చదివితే బాగా నాటుతుంది.

ఆరో అడుగు: డెల్టా క్యాలెండరుని పట్టుకోండి

మామూలు నెలల్లో పని పైన చెప్పినట్టే సాగుతుంది. రెండు కాలాలు మాత్రం వేరు.

మొదటిది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా కాలువలు కట్టేస్తారు. శివారు గ్రామాల్లో, సముద్రం పక్క ఊళ్ళలో మంచినీళ్ళకి కటకటే. వారానికి రెండు ఇరవై లీటర్ల టిన్నులు సైకిలు మీద చేర్చడం హైస్కూలు పిల్లలకి తగిన పని. సెలవులు కూడా అప్పుడే కాబట్టి వేసవి బైబిలు బడి అయ్యాక సాయంత్రం ఒక ట్రిప్పు వేయొచ్చు.

రెండోది జూలై నుంచి డిసెంబరు దాకా. ముందు వరద, తర్వాత తుపాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 1986 ఆగస్టులో ఇది 35 లక్షలు దాటింది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు చెప్పగలరు. ముందు ఆ కబుర్లు పిల్లలకి చెప్పించండి, తర్వాత పని అప్పగించండి.

హెచ్చరిక రాకముందే, జూన్‌లోనే, మీరు పట్టుకున్న ఇంటికి ఒక సంచీ సిద్ధం చేయండి. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ జెరాక్సులు ప్లాస్టిక్ కవర్లో, పదిహేను రోజుల మందులు, టార్చి, అగ్గిపెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక జత బట్టలు. పిల్లలే సర్దాలి. కవరు మీద ఫోను నంబర్లు పెద్ద అక్షరాలతో రాయాలి. వరద రోజుల్లో టీవీలో చెప్పే ధవళేశ్వరం ప్రవాహం ఉదయం, సాయంత్రం ఒక అట్ట మీద రాసి, మొదటి హెచ్చరిక పడగానే ఆ ఇంటికి ఫోను చేయడం పదేళ్ళ పిల్లల బాధ్యత. లంకలో ఉన్నవాళ్ళైతే రెండో హెచ్చరిక దాకా ఆగకుండా మీ ఇంటికి తీసుకొచ్చేయండి. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగాక పడవే దిక్కు.

వరద నీళ్ళలోకి పిల్లల్ని దింపొద్దు, పడవ ఎక్కించొద్దు. పాములు, తెగిపడిన కరెంటు తీగలు, మురుగు కలిసిన నీళ్ళు, ఇవన్నీ ఉంటాయి. పిల్లల సేవ గట్టు ఇవతలే. పులిహోర పొట్లాలు కట్టడం, మంచినీళ్ళ ప్యాకెట్లు లెక్కపెట్టడం. పెరుగన్నం త్వరగా పులుస్తుంది కాబట్టి పులిహోరే నయం. పొట్లాలు తీసుకుని నేరుగా బయల్దేరకండి. రోడ్డు పక్క ఊళ్ళకే అందరూ ఇచ్చి వెళ్తారు, లోపలి లంకలకి ఒక్కటీ చేరదు. వీఆర్వోనో, సచివాలయంలోనో అడిగి ఎక్కడ అందలేదో అక్కడికి పంపండి. ఇంకో సంగతి కూడా జనం మర్చిపోతారు. లంకవాళ్ళు గట్టెక్కాక ముందు అడిగేది పశువుల మేత. అన్నం పొట్లాలు మిగిలిపోయిన చోట కూడా ఎండుగడ్డి దొరకదు. ఒక ట్రాక్టరు గడ్డి కొనడానికి రెండు మూడు కుటుంబాలు కలవండి.

ఏడో అడుగు: ఇంటికొచ్చాక

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ ఇంటివాళ్ళ పేర్లు పిల్లలే చెప్పి ప్రార్థించాలి. పేర్ల వరకే. ఆ ఇంట్లో విన్న తగాదాలు, అప్పులు, తాగుడు సంగతులు సంఘంలో ప్రార్థన విన్నపాల పేరుతో బయటకి రాకూడదు. ఇది పిల్లలకన్నా పెద్దవాళ్ళకే ఎక్కువ చెప్పాలి.

పిల్లలు ప్రశ్నలు వేస్తారు. "దేవుడు వాళ్ళకెందుకు ఇల్లు ఇవ్వలేదు?" అంటారు. పొంతన లేని జవాబు చెప్పకండి. చెట్టు మీద నుంచి పడిన మనిషికి బీమా లేదు, కౌలుకి చేసిన చేను మునిగింది, ఆడవాళ్ళ కూలీ మగవాళ్ళకన్నా తక్కువ అని ఉన్నదున్నట్టు చెప్పండి. పాపం చేశారు కాబట్టి అలా అయ్యారన్న మాట మాత్రం మీ ఇంట్లో వినపడకూడదు. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే ప్రభువు కాదన్నాడు (యోహాను 9).

ఫొటోలు తీయకండి. వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. అయిన వాళ్ళింటికి వెళ్ళొచ్చి ఫ్లెక్సీ కడతామా? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6) ఫోన్లు వచ్చాక ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

పిల్లల భద్రత విషయంలో ఒక నియమం దాటకండి. ఎంత తెలిసిన ఇల్లైనా, ఎంత మంచి మనుషులైనా, సంఘం పెద్దలైనా సరే, పిల్లల్ని ఎవరితోనూ ఒంటరిగా వదలొద్దు. ఎప్పుడూ మీలో ఒకరు కనుచూపు మేరలో ఉండాలి. మీరు వెళ్ళే ఇంట్లోని పిల్లలకే ఏదైనా హాని జరుగుతోందని అనిపిస్తే 1098కి ఫోను చేయండి. వృద్ధుల్ని ఇంట్లోవాళ్ళు హింసిస్తుంటే 14567.

ఎనిమిదో అడుగు: కుదరనప్పుడు

కొన్ని ఇళ్ళవాళ్ళు మీ రాకని ఇష్టపడరు. రెండుసార్లు తలుపు సగమే తెరిచారంటే అర్థం చేసుకుని నమస్కారం పెట్టి వచ్చేయండి, ఇంకో ఇల్లు చూసుకోండి. కొందరు మూడో నెలలో పదివేలు అప్పు అడుగుతారు. మొదటి అడుగులో అనుకున్న హద్దు అప్పుడు పనికొస్తుంది. "మా ఇంట్లో అప్పు ఇచ్చే అలవాటు లేదండి" అని ఒక్క ముక్కలో చెప్పి, వెళ్ళడం మాత్రం మానకండి. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు.

పెద్దబ్బాయి పదో తరగతికి వస్తే మార్చి దాకా మీ ఇంట్లో వేరే ధ్యాస ఉండదు. అందుకని మొదటి ఏడాదిలోనే ఇంకో కుటుంబాన్ని మీతో తీసుకెళ్ళడం అలవాటు చేసుకోండి. కమిటీ వేయొద్దు, అధ్యక్షుడూ కార్యదర్శీ అక్కర్లేదు. పాస్టర్ గారికి చెప్పండి కానీ ఆదివారం స్టేజీ మీద ప్రకటించవద్దని కూడా చెప్పండి. పరీక్షల రోజుల్లో మందుల నోటుపుస్తకం ఆ రెండో కుటుంబం పిల్లల చేతికి వెళ్తుంది. అప్పగించేటప్పుడు మామ్మ గారికి ఏ కూర పడదో, ఏ చెవి వినపడదో, ఏ రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలో మీవాడే వాళ్ళకి చెప్పాలి.